ఎడారిలో మూడు తరాలూ వచ్చి కూర్చునే భవనం కావాలంటే: హాలు సంగతి తరవాత, ముందు నీడ లెక్క చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎడారి ఊరికి ఒక కమ్యూనిటీ భవనం కట్టాలి. మధ్యలో 300 మంది పట్టే ఏసీ హాలు, ఒక పక్క పిల్లల ఆటగది, రెండో పక్క వృద్ధుల విశ్రాంతి గది, మేడమీద కుర్రాళ్లకి జిమ్. ఇలా వేస్తే తరాలు కలుస్తాయా? మట్టిగోడలు, పైన వీచే గాలిని పట్టి గదిలోకి దింపే గాలి గోపురాలు లాంటి పాత పద్ధతులు ఇప్పుడు పనికొస్తాయా?

సూటిగా చెప్పేస్తాను. ఆ ప్లానుతో కలవరు. మీరు వేసింది ఒకే కప్పు కింద నాలుగు భవనాలు. పిల్లలు వాళ్ల తలుపులోంచి వాళ్ల గదికి, పెద్దవాళ్లు వాళ్ల తలుపులోంచి వాళ్ల గదికి పోతారు. హాలు ఏ మీటింగుకో తెరుస్తారు, మిగతా రోజులు తాళమే. ఎడారిలో మనుషుల్ని ఒకచోటికి చేర్చేది గది కాదు, నీడ. ఏ గంటకి ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ గాలి ఆడుతుందో, నీళ్లు ఎక్కడ దొరుకుతాయో అక్కడికే ముసలివాళ్లూ వస్తారు, పిల్లలూ వస్తారు. హాలుని సగం చెయ్యండి. మిగిలిన డబ్బుతో మధ్యలో ఒక నీడ ముంగిలి వేసి, గదుల తలుపులన్నీ దాంట్లోకే తెరవండి. పాత పద్ధతుల్లో కొన్ని బ్రహ్మాండంగా పనిచేస్తాయి, కొన్ని ఫొటోల్లోనే బాగుంటాయి. ఆ సంగతి కింద చెప్తాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నేను కట్టిన మొదటి కమ్యూనిటీ భవనం అచ్చంగా మీ ప్లానే. తెరిచిన ఏడాదికి చూసొద్దామని వెళ్లాను. సాయంత్రం అయిదున్నర. హాలుకి తాళం. కరెంటు బిల్లు కట్టలేక ఏసీలు ఆపేశారట. ఏసీ లేకుండా ఆ హాలులో కూర్చోవడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే తెరుచుకునే కిటికీ ఒక్కటీ నేను పెట్టలేదు. వృద్ధుల గదిలో కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మీద దుప్పటి కప్పి ఉన్నాయి. మరి మనుషులేరీ అని చూస్తే భవనం వెనక నీళ్ల ట్యాంకు కింద ఉన్నారు. నాలుగు స్తంభాల మధ్య గచ్చు అంచున ముసలివాళ్లు నలుగురు కాళ్లు కిందికి వేసి కూర్చున్నారు. పైపు కారి కొంచెం మేర మట్టి తడిసింది. ఆ తడిమట్టితో పిల్లలు ముగ్గురు ఆనకట్ట కడుతున్నారు. ఒక పెద్దాయన చేతికర్రతో నేలమీద గీత గీసి, “అటు కాదురా, ఇటు గండి కొట్టు” అని చూపిస్తున్నాడు.

నేను గీసిన కాగితంలో ఆ చోటుకి పేరే లేదు. సిగ్గు సిగ్గుగానే టేపు తీసి కొలుచుకున్నాను. గచ్చు ఎత్తు 45 సెంటీమీటర్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి చేత్తో ఆనుకుని లేవగలిగినంత. నీడ ఆ గంటకి తూర్పువైపు నాలుగు మీటర్లు సాగి ఉంది. ఆ తరవాత చేసిన ప్రతి పనిలోనూ ఆ ట్యాంకు నీడ ఎక్కడో ఒకచోట ఉంటుంది.

నీడని గంటల లెక్కన గీయండి. ప్లానులో గదులు గీసేముందు ఈ పని చెయ్యాలి. ఉదాహరణకి 27 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, అంటే థార్ ఎడారి నడుమ, జూన్ 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు 86 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, దాదాపు నడినెత్తిన. మూడు మీటర్ల గోడకి పడే నీడ జానెడు. అదే గోడకి డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 40 డిగ్రీల దగ్గరే ఉంటాడు కాబట్టి నీడ మూడున్నర మీటర్లు దాటుతుంది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలతాయి. వేసవి మధ్యాహ్నం గోడలు నీడనివ్వవు, పైన కప్పు కావాలి: చెట్టో, చలువ పందిరో, గుడ్డ పరదానో. పొద్దున గోడకి పడమటి పక్కన, సాయంత్రం తూర్పు పక్కన మాత్రం నీడ ఉచితంగా దొరుకుతుంది. అందుకే నేను ఎప్పుడూ రెండు అరుగులు వేస్తాను, పొద్దుటి అరుగు పడమటి గోడకి, సాయంత్రపు అరుగు తూర్పు గోడకి. చలికాలానికి దక్షిణం గోడకి ఆనుకుని మూడోది, ఎండ కాగడానికి. ఎడారి అంటే ఎండే అనుకుంటాం గానీ చలికాలపు ఉదయాలు ఎముకలు కొరుకుతాయి, పెద్దవాళ్లు ముందుగా వెతుక్కునేది ఎండపొడ.

నీడలోనూ బయటా థర్మామీటరు చూపే గాలి వేడి పెద్దగా మారదు. మారేది ఒంటిమీద నేరుగా పడే ఎండ, కాలిన నేలా గోడలూ విసిరే సెగ. అందుకే నీడ వేసి కింద నల్లటి రాయి పరిస్తే సగం పని వృథా. ఎండ తగిలే నేల లేత రంగులో, నీడలో ఉండే నేల మాత్రం కళ్లు మిరుమిట్లు గొలపకుండా కొంచెం ముదురుగా ఉండాలి.

ఇక వేళల సంగతి. వేసవిలో ఎడారి ఊరి రోజు రెండు ముక్కలు: తెల్లవారినప్పటి నుంచి తొమ్మిది, పదింటి దాకా, మళ్లీ పొద్దు వాలాక. మధ్యలో అందరూ లోపలే. బడి విడిచే వేళ, పెద్దవాళ్లు నిద్ర లేచి బయటికొచ్చే వేళ, పనినుంచి వచ్చిన వాళ్లు ఊపిరి పీల్చుకునే వేళ ఎక్కడ కలుస్తాయో కనుక్కోండి. నేను చేసిన చోట్ల అది రోజుకి గంటన్నరకి మించలేదు. మీ భవనం గెలిచినా ఓడినా ఆ గంటన్నరలోనే. ఆ వేళకి ఎక్కడ నీడ ఉందో అక్కడ మంచినీళ్లు, అక్కడే కూర్చునే చోటు, అక్కడినుంచి కనిపించేలా పిల్లల ఆట పెట్టండి.

మట్టిగోడలకి వద్దాం. మందమైన మట్టిగోడ, రాతిగోడ పగటి వేడిని మింగి ఆలస్యంగా వదులుతాయి. 45 సెంటీమీటర్ల గోడైతే బయట వేడి లోపలికి దిగడానికి పది, పన్నెండు గంటలు పట్టచ్చు. పగలు బడి నడిపే గదికి ఇంతకంటే మంచిది లేదు. కానీ చాలామంది మర్చిపోయేది ఏమిటంటే, ఆ వేడి రాత్రి ఎనిమిది, తొమ్మిది నుంచి లోపల బయటపడటం మొదలవుతుంది, సరిగ్గా ఊరంతా కూడే వేళకి. నేను కట్టిన ఒక గ్రంథాలయం పగలు కుండలా చల్లగా ఉండేది, రాత్రి ఆవంలా ఉండేది. కాబట్టి పగలు వాడే గదులకి మందం గోడలు, రాత్రి వాడే చోటు ఆకాశం కిందకి. ఎడారి గాలి పొడిగా ఉండి మబ్బు లేకపోతే నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, అందుకే ఆరుబయలు అంత త్వరగా చల్లబడుతుంది.

పూర్వం ఈ పని మేడలు చేశాయి. లిబియాలోని ఘదామిస్ పాత ఊళ్లో కింద కప్పు వేసిన సందులు, వాటి గోడలకే అరుగులు, అక్కడక్కడా పైనుంచి వెలుతురు దిగే బావుల్లాంటి ఖాళీలు. పైన ఇంటి మేడనుంచి ఇంటి మేడకి ఆడవాళ్లు నడిచే దారులు. 1986లో యునెస్కో జాబితాలోకెక్కిన ఊరు అది. చూసి ముచ్చటపడి మన భవనానికీ మేడమీద సాయంత్రపు సభాస్థలం వేద్దామనిపిస్తుంది. వద్దండీ. డెబ్బై ఏళ్ల మోకాళ్లు మెట్లెక్కవు. లిఫ్ట్ పెట్టామంటారు, ఇసుక పడి అది ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి. మేడ కుర్రాళ్లదైపోతుంది, కింద పెద్దవాళ్లు మిగులుతారు, మళ్లీ విడదీసినట్టే. రాత్రి చోటు నేలమీదే ఉండాలి, అది ముంగిలే. మీ జిమ్ కూడా కిందికి దింపండి.

ఇప్పుడు నేను అందరికంటే ఎక్కువగా మొత్తుకునే విషయం: కళ్లు. వెలుతురుని లక్స్‌లో కొలిస్తే బయట మండుటెండ లక్ష లక్స్. లోపల మామూలు గది 300. ఇరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ల కంటికి సుమారు మూడో వంతే చేరుతుంది, చీకటికి అలవాటుపడటానికీ దానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక ఆరోగ్యకేంద్రం గుమ్మం దగ్గర కూర్చుని అరగంట చూశాను. లోపలికి అడుగుపెట్టిన ప్రతి పెద్దమనిషీ గడప దాటగానే ఆగిపోతున్నారు. ఒక చెయ్యి గోడమీద, ఒక చెయ్యి కళ్లకడ్డం. వెనకనుంచి పరిగెత్తుకొచ్చే పిల్లలు వాళ్ల కాళ్లకి తగులుతున్నారు, వీళ్లు కసురుతున్నారు. అక్కడ జరుగుతున్నది తరాల మధ్య గొడవ అనుకుంటాం. నిజానికి అది వెలుతురు గొడవ. వెలుగు మెట్లు మెట్లుగా తగ్గాలి: ఆరుబయలు, పందిరి నీడ, లోతైన వసారా, ఆ తరవాత గది. వసారా కనీసం రెండున్నర మీటర్ల లోతు ఉంటే మనిషి నాలుగడుగులు వేసేలోగా కన్ను సర్దుకోవడం మొదలవుతుంది. గుమ్మం పక్కనే ఆగి నిలబడటానికి, దారికి అడ్డం కాకుండా, ఒక చిన్న గూడు లాంటి చోటు వదలండి. గడప ఎత్తు తీసెయ్యండి.

జైసల్మేర్ దగ్గర ఎడారిలో కట్టిన రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల గురించి వినే ఉంటారు. డయానా కెల్లాగ్ డిజైన్, పసుప్పచ్చ ఇసుకరాయి, కోడిగుడ్డు ఆకారం, మధ్యలో ముంగిలి, చుట్టూ రాతి జాలీ, అంటే చిల్లులు చెక్కిన రాతి తెర. జాలీ అందం కోసమే అనుకుంటారు. తీవ్రమైన ఎండని చిన్న చిన్న ముక్కలు చేసి కంటికి సరిపడా లోపలికి పంపడం, ఇరుకు సందుల్లోంచి గాలిని లాగడం దాని అసలు పని. ఆ ప్రాజెక్టులో నాకు అంతకంటే నచ్చింది, బడి పక్కనే తల్లులు చేతిపనులు నేర్చుకుని అమ్ముకునే భవనాన్ని కూడా ఒకే ఆలోచనలో కలపడం. కూతురు వచ్చే చోటుకి తల్లికీ తనదైన పని ఉండాలి. పిల్లల్ని చూడటానికి అని ఎవరూ రోజూ రారు, పని ఉంటే రోజూ వస్తారు.

చెవుల సంగతి కూడా చెప్పాలి. గుమ్మటం కప్పు ఎడారికి బాగుంటుంది, కలప అక్కర్లేదు, వేడి గాలి పైకి పోతుంది. కానీ రాయీ సున్నం పూతా ఉన్న గుమ్మటం కింద నలుగురు పిల్లలు అరిస్తే నలభై మంది అరిచినట్టుంటుంది. వినికిడి తగ్గినవాళ్లకి మాటలు ముద్దగా వినబడతాయి. పది నిమిషాలకి లేచి వెళ్లిపోతారు, ఎందుకు వెళ్లారో వాళ్లకీ తెలియదు, “సందడి ఎక్కువ” అంటారు. మాట్లాడుకునే గదిలో ప్రతిధ్వని నిలిచే సమయం 0.6 సెకన్ల లోపు ఉంచమని తరగతి గదులకి చెప్పే లెక్క, ఇక్కడా అదే పెట్టుకోండి. గోడలకి మందమైన నేత గుడ్డలు, గరుకు మట్టిపూత, పుస్తకాల అరలు, పైన తాటాకు చాపలాంటివి వేస్తే చాలావరకు సరిపోతుంది.

ఒకచోట కూర్చోబెట్టాలనే ఉత్సాహంలో పెద్దవాళ్లకి తప్పించుకునే చోటు లేకుండా చెయ్యకండి. ముంగిలి ఒక చివర గోల ఉండాలి, మరో చివర లేకుండా ఉండాలి, మధ్యలో చూపు సాగాలి. పిల్లల గదికీ పెద్దల గదికీ నడుమ గోడలో ఒక కిటికీ వేశాను ఒకచోట, అడుగు అంచు నేలకి 60 సెంటీమీటర్లు. పిల్లవాడు నిలబడి, పెద్దమనిషి కూర్చుని ఒకరికొకరు కనిపించే ఎత్తు. మూతపడే చెక్క తలుపు పెద్దల వైపు. మొదటి నెలంతా మూసే ఉంచారట. తరవాత ఎప్పుడో ఒకావిడ కుట్టుపని ఆ కిటికీ దగ్గరికి మార్చుకుంది, సూదిలో దారం ఎక్కించడానికి పిల్లల్ని పిలవడం మొదలుపెట్టింది. నేను అది ప్లాన్ చేయలేదు, కిటికీ మాత్రమే ప్లాన్ చేశాను.

చిన్నవిగా కనిపించి భవనాన్ని ముంచే కొలతలు కొన్ని ఉన్నాయి. ర్యాంపు 1:12 కంటే ఏటవాలు వద్దు, వీలైతే ఇంకా తక్కువ. చేతిపట్టీలు రెండు వరసలు, 90 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 70 దగ్గర పిల్లలకి ఒకటి, ఎండ తగిలేచోట ఇనుము బదులు కలప. మధ్యాహ్నపు ఎండలో ఇనుప పట్టీ చెయ్యి కాలుస్తుంది, జారుడుబల్లా అంతే. పెద్దవాళ్ల ఆసనాలకి వీపు ఆనడానికి, చేతులు ఆనించడానికి ఉండాలి, పిల్లలకి 30 సెంటీమీటర్ల అంచు చాలు. మరుగుదొడ్డి ముంగిలి నుంచి కనబడే దూరంలో ఉండాలి. దూరమైతే పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అసలే వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, పొడి గాలిలో అది ప్రమాదం. మంచినీటి కుళాయి రెండు ఎత్తుల్లో పెడితే పిల్లవాడు తాగుతుంటే చూసి పెద్దాయనా తాగుతాడు. నవ్వకండి, పనిచేస్తుంది.

గాలి గోపురాల గురించి అడిగారు. ఇరాన్‌లోని యజ్ద్ ఊరు వాటికి పేరు, అక్కడి దౌలతాబాద్ తోటలోది దాదాపు 33 మీటర్ల ఎత్తు. పైన వీచే గాలిని పట్టి కిందికి దింపుతాయి, గాలి లేనప్పుడు వేడి గాలిని పైకి లాగుతాయి. మీ చోట వేసవి గాలి ఒక దిక్కునుంచి నిలకడగా వీస్తే పెట్టండి. కాకపోతే నా అనుభవంలో గోపురం చెడేది డిజైన్ వల్ల కాదు, మూత వల్ల. గాలిదుమారం లేచినప్పుడు కిందనుంచి ఒక మనిషి తాడు లాగి మూసేలా లేకపోతే ఒక్కసారికే గదినిండా ఇసుక, ఆ పైన ఎవరో ఇటుకలతో శాశ్వతంగా మూసేస్తారు. పక్షులు దూరకుండా వల కూడా కావాలి. నీటిమీదుగా గాలి పంపే కూలర్ పద్ధతి పొడి గాలిలో అద్భుతం, తేమ వేళల్లో దండగ. ఊరికి తాగడానికే నీళ్లు చాలనిచోట అది పెట్టడం నాకు మనసొప్పదు.

ఏసీ అసలే వద్దనడం లేదు. గాలి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒంటిని చల్లబరచకపోగా వేడెక్కించగలదు. వడగాలులు తట్టుకోలేని ముసలివాళ్లు, పసిపిల్లలు తలదాచుకోవడానికి 30, 40 మంది పట్టే ఒక్క గదిని మందం గోడలతో, బాగా ఇన్సులేషన్ చేసి, సోలార్‌తో నడిచేలా చిన్న ఏసీ పెట్టండి. ముప్పై మంది గదికి అయ్యే కరెంటు ఊరు కట్టుకోగలదు. 300 మంది హాలుకి కట్టలేదు, నేను చూశాను.

ఇసుకా వానా త్వరగా చెప్పేస్తాను. ప్రధాన ద్వారం దుమారం వచ్చే దిక్కుకి పెట్టకండి, పెట్టక తప్పకపోతే ఎదురుగా అడ్డుగోడ కట్టి పక్కనుంచి దారి మలపండి. ఏడాదికి 250 మిల్లీమీటర్లు కూడా పడని చోట వాన గురించి ఎందుకు అనుకోకండి. ఆ కాస్తా ఒక్క గంటలో పడచ్చు. ఎండిపోయిన వాగు చదునుగా, ఇసకగా, ఎవరిదీ కాని స్థలంలా కనిపిస్తుంది, కమ్యూనిటీ భవనానికి ఇచ్చేదీ తరచుగా ఆ స్థలమే. ఒప్పుకోకండి. ముంగిలి వాలు ఒక మూలకి తిప్పి కింద తొట్టి కడితే ఆ నీళ్లు చెట్టుకి పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. ఈ లెక్కలన్నీ వేడి ఎడారికి. లద్దాఖ్ లాంటి చల్లని ఎడారిలో అయితే నీడని కాదు, ఎండని వెంబడించాలి, దక్షిణం వైపు గాజు, వెనక మందం గోడ. సూత్రం ఒకటే, దిక్కు వేరు.

చివరిగా, ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ సంగతి. 1940ల్లో ఈజిప్టులో లక్సర్ దగ్గర న్యూ గూర్నా అని ఊరికి ఊరే మట్టి ఇటుకతో తలపెట్టి, కొంత భాగం కట్టాడు. కలప చట్రాలు లేకుండా వంపు కప్పులు వేసే నూబియా మేస్త్రీల పనితనం, మసీదు, మార్కెట్, థియేటర్, బడి, అన్నీ. ఇవాళ్టికీ మేం దాన్ని చూసి నేర్చుకుంటాం. అయినా ఎవరి కోసం కట్టారో ఆ పాత ఊరివాళ్లలో చాలామంది రాలేదు. వాళ్ల బతుకుతెరువు పాత ఊరి సమాధుల చుట్టూ ఉంది, వాళ్లని తరలించాలన్నది ప్రభుత్వం మాట. అంత గొప్ప చేతికే తప్పనిది మనకి తప్పుతుందా? అందుకని గీత గీసేముందు రెండు రోజులు అక్కడ ఉండండి, ఒకటి వేసవిలో, ఒకటి చలిలో. పొద్దున ఆరునుంచి రాత్రి పదిదాకా గంటకోసారి ఎవరు ఎక్కడ కూర్చున్నారో కాగితం మీద చుక్కలు పెట్టండి, పిల్లలకి ఒక రంగు, పెద్దలకి ఒక రంగు. మీటింగు పెట్టి “మీకేం కావాలి” అంటే అందరూ హాలే అడుగుతారు. చుక్కలు ఏం అడుగుతున్నాయో చూడండి.

ఆ చుక్కల కాగితం, స్థలం కొలతలు ఇక్కడ పెడితే ముంగిలి ఎక్కడ పెట్టాలో చెప్తాను. ఉత్తరం ఎటో, వేసవిలో దుమారం ఎటునుంచి లేస్తుందో, పక్కన ఎండిన వాగు ఏమైనా ఉందో గుర్తు వెయ్యడం మర్చిపోకండి.